వంశావళి నేర్పే పాఠం

మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతాలవారికి వంశావళి కొత్త విషయం కాదు. తెలంగాణ పద్మశాలీలకు వారి మూలపురుషుడు మార్కండేయుని కథను కూనపులివారు బొమ్మల పటం విప్పి పాడుతూ వచ్చారు. డక్కలివారు మాదిగలకు జాంబపురాణం చెప్పేవారు. మన ఇళ్ళలోనూ షజరాను పదిలంగా దాచుకున్న కుటుంబాలున్నాయి. పటమైనా షజరా అయినా జవాబు వెతికేది ఒకే ప్రశ్నకు: మనం ఎవరి సంతానం?

బైబిలులోని పేర్ల పట్టికలను చాలామంది దాటవేస్తారు. కాని వాటిలో బోధ ఉంది. ఆదికాండము 5వ అధ్యాయం ఆదాము నుంచి నోవహు వరకు 10 తరాలు చెబుతుంది. నోవహుకు ముందున్న 9 మందిలో 8 మంది విషయంలో చివరి మాట మరణమే. 969 ఏళ్ళు బతికిన మెతూషెలకూ అంతే. దేవునితో నడిచిన హనోకు దగ్గర మాత్రం ఆ మాట రాదు. ఆయనే హజ్రత్ ఇద్రీస్ (అ) అని మన వ్యాఖ్యాతలు పలువురు భావించారు.

మత్తయి సువార్త హజ్రత్ ఇబ్రాహీమ్ (అ) నుంచి హజ్రత్ ఈసా (అ) వరకు తరాలను మూడు పద్నాలుగులుగా లెక్కిస్తుంది. హీబ్రూలో దావీదు పేరులోని అక్షరాల విలువ 14. అబ్జద్ లెక్క తెలిసిన పాఠకులకు ఇది వెంటనే అర్థమవుతుంది. యోరాముకు, ఉజ్జియాకు మధ్య ముగ్గురు రాజుల పేర్లు అక్కడ కనబడవు. యోసేపు తండ్రి మత్తయిలో యాకోబు, లూకాలో హేలీ. ఇలాంటి తేడాలను ఇబ్నె హజ్మ్ (994-1064) నిశితంగా విమర్శించారు. అరబ్బుల వంశాలపై గొప్ప గ్రంథం రాసిందీ ఆయనే.

అదే పట్టికలో రూతు పేరుంది. ఆమె మోయాబు దేశపు పరాయి స్త్రీ, విధవ. హజ్రత్ దావూద్ (అ)కు ముత్తవ్వ. ఊరియా భార్య సందర్భంలో ఆ ప్రవక్తపై బైబిలు మోపిన నిందను మనం అంగీకరించం. అయినా పరాయి స్త్రీని రాజవంశపు తల్లిగా చూపిన ఆ పట్టిక వంశగర్వానికి చోటివ్వలేదని గ్రహించాలి.

ఈ రెండు సువార్తల వంశావళులూ యోసేపు ద్వారా సాగుతాయి. ఖుర్ఆన్ మాత్రం మర్యమ్ కుమారుడు ఈసా అని ఒక్క మాటలో తేల్చింది. ఆదికాండము 25వ అధ్యాయం హజ్రత్ ఇస్మాయీల్ (అ) 12 మంది కుమారులను పేర్కొంటుంది. దైవప్రవక్త (స) వంశక్రమం అద్నాన్ వరకు ఏకాభిప్రాయంతో ఉంది. ఆపై పేర్లలో పండితులు భేదించారు. తెలిసినంతవరకే చెప్పడం కూడా ఒక ధర్మమే.

హజ్రత్ నూహ్ (అ) కుమారుడు నీట మునిగాడు. ప్రవక్త రక్తం అతణ్ణి కాపాడలేదు. తన సంతానం గురించి అడిగిన హజ్రత్ ఇబ్రాహీమ్ (అ)కు, ఈ వాగ్దానం దుర్మార్గులకు వర్తించదని జవాబు వచ్చింది. జాతులు, తెగలు పరస్పర పరిచయానికేనని, దైవభీతి గలవారే గౌరవనీయులని హుజురాత్ సూరా చెప్పింది.

మరి సంబంధం చూసేటప్పుడు మనం మొదట అడుగుతున్నదేమిటి? నమాజు గురించా, నడవడి గురించా, లేక సయ్యదా, షేకా, దూదేకులా అనా? షజరాను దాచుకుందాం, బంధుత్వాలు నిలుపుకోవడానికి. దూదేకుల సోదరుని ముందు తలుపు మూయడానికి మాత్రం కాదు. ఏ వంశావళినైనా చివరిదాకా చదివితే కనిపించేది ఆదమ్ (అ) ఒక్కరే.