వ్యక్తిగత బోధన

వ్యక్తిగత బోధన అనగా ఒక బోధకుడు ఒకేసారి ఒకే విద్యార్థికి పాఠం చెప్పే పద్ధతి. తెలుగునాట దీనిని వాడుకలో ప్రైవేటు లేదా ట్యూషన్ అంటారు. అయితే ఇరవై ముప్ఫై మందిని ఒకచోట కూర్చోబెట్టి చెప్పే ట్యూషన్ ఈ నిర్వచనం కిందకు రాదు.

పరిశోధనలు

అమెరికాకు చెందిన విద్యా మనస్తత్వ శాస్త్రవేత్త బెంజమిన్ బ్లూమ్ 1984లో ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో ప్రసిద్ధమైనది. వ్యక్తిగత బోధన పొందిన సగటు విద్యార్థి, సాధారణ తరగతిలోని 98 శాతం మందిని మించగలడని ఆయన పేర్కొన్నాడు. ఇది రెండు ప్రామాణిక విచలనాలకు సమానం. కానీ ఆ ప్రయోగాలు నాలుగు, ఐదు, ఎనిమిదవ తరగతుల విద్యార్థులపై కొద్ది వారాలు మాత్రమే జరిగాయి. 2020లో 96 యాదృచ్ఛిక ప్రయోగాలను సమీక్షించగా సగటు ప్రయోజనం 0.37 ప్రామాణిక విచలనంగా తేలింది. ఇది బ్లూమ్ చెప్పినదానికన్నా తక్కువైనా, విద్యారంగంలో గణనీయమైనదే.

ఫలించుటకు కారణాలు

* లోపాన్ని గుర్తించుట: పదవ తరగతి విద్యార్థికి వర్గ సమీకరణాలు రాకపోవుటకు అసలు కారణం ఏడవ తరగతిలో నేర్వవలసిన ఋణసంఖ్యల గుణకారం కావచ్చును. తరగతిలో కనిపించని ఈ లోపం, విద్యార్థి లెక్క చేస్తుండగా పక్కన కూర్చున్న బోధకునికి తెలుస్తుంది.
* విద్యార్థి చేత చెప్పించుట: 2001లో మిషెలీన్ చీ బృందం ఎనిమిదవ తరగతి విద్యార్థులతో రక్తప్రసరణ పాఠంపై ప్రయోగం చేసింది. బోధకులు వివరణలు మాని, ప్రశ్నలతో విద్యార్థుల చేతనే చెప్పించినప్పటికీ వారు అంతే బాగా నేర్చుకున్నారు.
* సంకోచం తగ్గుట: తోటివారి ముందు అడుగుటకు సిగ్గుపడే ప్రశ్నను విద్యార్థి ఇక్కడ అడగగలడు.
* క్రమబద్ధత: పరీక్షల ముందు కొద్ది రోజులు కాక, బడివేళల్లోనే తరచుగా జరిగే బోధన ఎక్కువ ఫలితమిస్తుంది.

ఉన్నత పాఠశాల స్థాయి

వెనుకబడిన విద్యార్థికి ఈ వయసులో సహాయం చేసినా ప్రయోజనం ఉండదనే అభిప్రాయం ఉండేది. చికాగో నగరంలో 2013 - 2015 మధ్య తొమ్మిది, పది తరగతుల వారిపై జరిగిన ప్రయోగాలు దీనిని సవాలు చేశాయి. ఒక్కొక్క బోధకుడు ఇద్దరేసి విద్యార్థులకు, బడి వేళల్లో ప్రతిదినం ఒక పీరియడ్ గణితం బోధించాడు. పరీక్షా ఫలితాలు 0.18 నుండి 0.40 ప్రామాణిక విచలనం వరకు పెరిగాయి.

పరిమితులు

ఈ పద్ధతికి ఖర్చు ఎక్కువ. కావున సహాయం అత్యవసరమైన పేద విద్యార్థికే ఇది అందదు. బోధకుడే లెక్కలు చేసి చూపిస్తే హోంవర్కు పూర్తవుతుంది గాని, పరీక్షలో విద్యార్థి ఒంటరిగా నిలువలేడు. తన తరగతి వారికే రుసుము తీసుకుని చెప్పే ఉపాధ్యాయుడు బడిలో శ్రద్ధ తగ్గించే ప్రమాదమూ కలదు. భారతదేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం, 28వ సెక్షన్ ద్వారా ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పుటను నిషేధించింది.