కొల్లేరు ఒకటి, ఎమ్మెల్యేలు నలుగురు

కొల్లేరు ఒక్కటే సరస్సు. అసెంబ్లీ లెక్కలో మాత్రం నాలుగు ముక్కలు. పెదపాడు, దెందులూరు వైపు ఊళ్లు దెందులూరు నియోజకవర్గంలోకి వెళ్తాయి. భీమడోలు, నిడమర్రు వైపువి ఉంగుటూరులోకి, ఆకివీడు ఒడ్డు ఉండిలోకి, కైకలూరు, మండవల్లి లంకలు కైకలూరులోకి. ఉండి నరసాపురం పార్లమెంటు స్థానం కిందిది, మిగతా మూడూ ఏలూరు కిందివి. వలేసి బతికేవాళ్ల ఓట్లు ఇలా నాలుగు చోట్లకి చెదిరి, మెరక వరిపొలాల ఓట్లలో కలిసిపోతాయి. ఎవరో కుట్ర చేసి గీసిన గీతలు కావివి. వందేళ్లుగా ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చినవి.

మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల పుణ్యమా అని 1920లో మద్రాసు శాసనమండలికి ఎన్నికలు జరిగాయి. అప్పటికి ఏలూరు కృష్ణా జిల్లాలోనిది, పశ్చిమ గోదావరి జిల్లా పుట్టింది 1925లో. ఓటు హక్కు ఆస్తినీ, పన్నునూ బట్టి ఇచ్చేవారు. డెల్టాలో కాలువ కింద మాగాణి ఉన్న రైతుకి ఓటు ఉండేది. పాలేరుకీ, కొల్లేట్లో తాటిదోనె తోసేవాడికీ లేనట్టే. అయినా ప్రాతినిధ్యం మీద గట్టి పేచీ అప్పుడే మొదలైంది. బ్రాహ్మణేతరులకి ఎన్ని సీట్లు కేటాయించాలన్న తగవును లార్డ్ మెస్టన్ తీర్చి, 65 సాధారణ స్థానాల్లో 28 వాళ్లకి రిజర్వు చేశాడు. మరుసటి ఏడే, 1921లో, బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో అందరికంటే ముందు మద్రాసు మండలి ఆడవాళ్లకి ఓటిచ్చింది. ఆస్తి షరతు వాళ్లకీ తప్పలేదు, అంటే ఓటొచ్చిన ఆడవాళ్లు బహు తక్కువ.

వయసొచ్చిన ప్రతివాడికీ ఓటు 1952లో వచ్చింది. అప్పటి ఏలూరు లోక్‌సభ స్థానం ఒక్కరిని కాదు, ఇద్దరిని ఢిల్లీకి పంపింది. ద్విసభ్య నియోజకవర్గం అనేవారు దాన్ని: ఒక సీటు జనరల్, రెండోది ఎస్సీలకో ఎస్టీలకో రిజర్వుడు. ఈ ముచ్చట ఇప్పటివాళ్లకి చాలామందికి తెలియదు. తెర వెనక అభ్యర్థికో పెట్టె, పెట్టె మీద గుర్తు: కాంగ్రెస్‌కి కాడెద్దులు, కమ్యూనిస్టులకి కంకీ కొడవలీ. చీటీ మీద ముద్ర వేసే పని లేదు, నచ్చిన గుర్తున్న పెట్టెలో పడేయడమే. ద్విసభ్య స్థానంలో ఓటరు చేతికి రెండు చీటీలిచ్చేవారు. రెండూ ఒకే పెట్టెలో వేస్తే ఒక్కటే లెక్కకి వచ్చేది. లెక్కింపులో ముందు రిజర్వుడు సీటుకి ఆ వర్గం అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లొచ్చినవారిని తేల్చేవారు. రెండో సీటు మిగిలినవారందరిలో ఎక్కువ వచ్చినవారిది, వారు ఏ వర్గంవారైనా సరే.

ఈ చివరి మాటే, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి కొంప ముంచింది. 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానంలో రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులకే వెళ్లాయి: బిడ్డిక సత్యనారాయణ, డిప్పల సూరిదొర. కొద్ది వందల ఓట్ల తేడాతో మూడో స్థానంలో ఆగిపోయిన గిరి, జనరల్ సీటు గిరిజనుడికి ఎలా ఇస్తారని సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1959లో ఓడిపోయాడు. రిజర్వుడు వర్గంవాడు జనరల్ సీటు గెలవకూడదని చట్టంలో ఎక్కడా లేదని తేలింది. 1961లో ద్విసభ్య స్థానాలనే ఎత్తేశారు. ఆ తీర్పు పెద్ద కులాల నాయకుల్లో పుట్టించిన గుబులుకీ ఈ రద్దుకీ సంబంధం లేదంటే నమ్మడం కష్టం.

సీటుకీ ఓటుకీ పొంతన లేకపోవడం తెలుగునాట 1955లోనే తేటతెల్లమైంది. ఆంధ్ర రాష్ట్రం 196 మంది ఎమ్మెల్యేలకి మధ్యంతరం జరిపింది. అంతకుముందు ఎన్నికల్లో 41 గెలిచిన కమ్యూనిస్టులకి ఈసారి 31 శాతం ఓట్లొచ్చాయి, వచ్చిన సీట్లు 15! ఎదుటి పక్షాలన్నీ ఒక్కటైతే ఇంతే. ఆ తర్వాతా పొంతన కుదరలేదు: 2019లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లకి 175లో 23 సీట్లు, 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కి అదే 39 శాతానికి 11. ఇక్కడ గాలి మళ్లిందంటే మొత్తం మళ్లుతుంది. పాత పశ్చిమ గోదావరిలోని 15 సీట్లూ 2014లో తెలుగుదేశం-బీజేపీలవి, 2019లో 13 వైఎస్సార్ కాంగ్రెస్‌వి, 2024లో మళ్లీ 15కి 15 కూటమివి. 'పశ్చిమ ఎవరిదో రాష్ట్రం వాళ్లది' అని చెప్పుకునేది ఇందుకే.

ఆ 15 ఒకప్పుడు 16. జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్ 2001 జనాభా లెక్కలు పట్టుకుని గీతలు మార్చింది, 2009 ఎన్నికలకి కొత్త పటం అమలైంది. అత్తిలి, పెనుగొండ నియోజకవర్గాలు పోయాయి, నిడదవోలు కొత్తగా వచ్చింది. అవతల కృష్ణాలో ముదినేపల్లి సీటు పోయింది, ఆ మండలం కైకలూరులో కలిసింది. ఆచంట ఎస్సీ రిజర్వేషన్ తీసేసి కొవ్వూరు, చింతలపూడికి పెట్టారు. హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాలకి సీట్లు పెరిగాయి, మనకి తరిగాయి. పిల్లల్ని తక్కువ కన్నందుకు జిల్లాకి పడిన జరిమానా ఇది. రాష్ట్రాల మధ్య ఇదే అన్యాయం జరగకూడదనే కదా 1976లో 42వ సవరణతో మొత్తం సీట్లని 1971 జనాభా దగ్గర బిగించేశారు!

దాంతో ఒక్క సీటులో మూడు కాలాలున్నాయి: రాష్ట్రానికి సీట్లెన్నో చెప్పేది 1971, హద్దులు చెప్పేది 2001, ఓటర్ల జాబితా ఈనాటిది. రాష్ట్రపతి ఎన్నికలో ఇది మరీ వింతగా బయటపడుతుంది. 1971 నాటి జనాభాని ఎమ్మెల్యేల సంఖ్యతోనూ, ఆపైన వెయ్యితోనూ భాగిస్తే వచ్చేది ఒక్కో ఎమ్మెల్యే ఓటు విలువ. ఉమ్మడి రాష్ట్రంలో అది 148. విడిపోయాక తాడేపల్లిగూడెం ఎమ్మెల్యేది 159, ఖమ్మం ఎమ్మెల్యేది 132. ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7.

2022 ఏప్రిల్‌లో ఇంకో తమాషా జరిగింది. అంతవరకు నియోజకవర్గం జిల్లా హద్దు దాటకూడదని నియమం. ఈసారి పార్లమెంటు స్థానాల్ని చూసి జిల్లాలు గీశారు. కైకలూరు, నూజివీడు కృష్ణాని వదిలి ఏలూరు జిల్లాకొచ్చాయి. ఏలూరే జిల్లా కేంద్రంగా ఉంటూ వచ్చిన తాడేపల్లిగూడేనికి భీమవరం జిల్లా కేంద్రమైంది.

మరి ఇంతా చేసి అసెంబ్లీ చేతిలో ఉన్నదెంత? 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో సరస్సులోని పక్షుల అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. గగ్గోలు లేచాక 2008లో అసెంబ్లీ, అభయారణ్యం హద్దును ఐదో కాంటూరు (ఎత్తు గీత) నుంచి మూడో కాంటూరుకి కుదించమని తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ 2011లో కుదరదంది. ఓట్లు ఉన్నది ఇక్కడ, కలం ఉన్నది ఢిల్లీలో.

సీట్ల సంగతీ అంతే. 2014 విభజన చట్టం 26వ సెక్షన్ ఆంధ్రప్రదేశ్ సీట్లు 175 నుంచి 225కి పెంచాలంటుంది, రాజ్యాంగం 170వ అధికరణానికి లోబడి. ఆ అధికరణమేమో 2026 తర్వాత జరిగే తొలి జనాభా లెక్కల దాకా ఆగమంటుంది. పెంపు వెంటనే జరగాలని వేసిన పిటిషన్‌ని సుప్రీంకోర్టు 2025 జూలైలో కొట్టేసింది. ఆ యాభై కొత్త సీట్లని నమ్ముకుని పార్టీలు మారిన ఆశావహులు ఏలూరులోనూ ఉన్నారు, గూడెంలోనూ ఉన్నారు.