కాపురానికొచ్చిన కారు రేడియో

కారు కొన్న మగవాళ్లు ఇంజను గురించి చెబుతారు, మైలేజీ గురించి చెబుతారు. అందులో పాట ఎలా వస్తోందంటే మాత్రం "ఆ, వస్తుందిలే" అంటారు. అసలు కార్లోకి పాట రావడానికి కారణం మన ఆడవాళ్లేనని అమెరికాలో ఒక కథ వుంది. 1929లో విలియం లియర్, ఎల్మర్ వేవరింగ్ అనే ఇద్దరు స్నేహితులు తమ నెచ్చెలుల్ని క్విన్సీ వూరి గుట్టమీదికి కార్లో తీసుకెళ్లారట. సూర్యాస్తమయం బాగానే వుంది గానీ, పాట కూడా వుంటే ఇంకెంత బావుండునో అని ఒకమ్మాయి అందట. నాకైతే నమ్మబుద్ధేస్తుంది.

ఆ మరుసటేడే, 1930లో, వాళ్లిద్దరి సాయంతో పాల్ గాల్విన్ కంపెనీ మోటరోలా అనే కారు రేడియోని అమ్మకానికి పెట్టింది. ధర 110 నుంచి 130 డాలర్లు. అంత పోసి కొన్నా పాట వెంటనే వచ్చేదా? బ్యాటరీలు పెట్టడానికో చోటు, స్పీకరుకో చోటు వెతకాలి, తీగలు లాగాలి. బిగించేసరికి తలప్రాణం తోకకొచ్చేది. ఇంజను ప్లగ్గుల నిప్పురవ్వలకి పాట మధ్యలో చిటపటలు! పోపు పెడుతున్నారో పాడుతున్నారో తెలిసేది కాదన్నమాట.

మన అంబాసిడర్లూ, ఫియట్లూ చాలావరకు రేడియో లేకుండానే వచ్చేవి. మోజున్నవాళ్లు విడిగా కొని పెట్టించుకునేవారు. ఆ పైన లైసెన్సు. రేడియో వున్నవాళ్లు పోస్టాఫీసుకెళ్లి ఏటా డబ్బు కట్టే ఆ తతంగం 1985 దాకా వుంది. ఇంతా చేసి కర్నూలు నుంచి ఆదోని వెళ్లే దారిలో వినడానికేముంది? వివిధభారతి, 1963లో మొదలైన కడప కేంద్రం. అయినా కారు ఆపి, తలుపులు తీసి పెట్టి, చెట్టుకింద పులిహోర తింటూ పాటలు విన్నామని చెప్పేటప్పుడు మా నాన్నగారి ముఖం వెలిగిపోయేది.

అప్పటి రేడియో కారుకి అద్దెకొచ్చిన మనిషిలాంటిది. తరువాత జర్మన్లు దాని గూటికో కొలత ఖాయం చేశారు. 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. జపాను వాళ్లు ఎత్తుని రెట్టింపు చేసి రెండంతస్తులు కట్టారు. ఏ కంపెనీ సెట్టయినా ఆ గూట్లో ఇమిడేది. బజారు సెట్లకి సాధారణంగా పసుపు తీగ బ్యాటరీది, ఎరుపు తాళంచెవి తిప్పితే కరెంటొచ్చేది, నలుపు ఎర్తు. ఒక్క గంటలో పాతది పోయి కొత్తది వచ్చేది. ఇల్లు ఖాళీ చేసినవాళ్లకోసం ఇంట్లోవాళ్లెవరూ బెంగపడేవారు కాదు.

కథ మలుపు తిరిగింది 1986లో. జర్మనీలోని బాష్ కంపెనీ కాన్ అనే పద్ధతిని ప్రకటించింది. ఒక్కో పనికీ ఒక్కో తీగ లాగే బదులు, జడలా మెలివేసిన రెండు తీగలమీద కారులోని యంత్రాలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. రానురాను రేడియో కూడా ఆ కబుర్లలో కలిసింది. వేగం పెరిగితే తనే గొంతు పెంచుతుంది. స్టీరింగు మీది మీట నొక్కితే పలుకుతుంది. రివర్సు గేరు పడగానే వెనక కెమెరా బొమ్మ చూపిస్తుంది. అద్దెకొచ్చింది కాస్తా కోడలై, తాళంచెవుల గుత్తి బొడ్లో దోపుకుందన్నమాట!

దీని సంగతి సి.బెళగల్‌లో మా పెదనాన్నగారమ్మాయి ఇంట్లో తెలిసొచ్చింది. వాళ్లది సెకండ్‌హ్యాండు కారు. కంపెనీ సెట్టు మూగబోయి, రివర్సులో వచ్చే కూత ఒక్కటే మిగిలింది. పెద్ద తెర వున్న సెట్టు కావాలని కొడుకు పట్టు. ఒక షాపులో అడిగితే, పాత తీగలు కోసి కలిపేస్తే గంట పని అన్నారు.

"రివర్సులో కూత వస్తుందా?" అని అడిగింది అక్క. ఆ కారులో ఆ కూత వచ్చేది రేడియో స్పీకర్లలోంచే.

"అది పోతాదక్కా. అద్దంలో సూసుకుంటే సాలు."

"అద్దంలో మూడేండ్ల పిల్ల అవుపిస్తుందేమప్పా?" అని లేచి వచ్చేసింది.

వాళ్ల వాకిట్లో ఉల్లిగడ్డల కుప్పల మధ్య మనవలు దాగుడుమూతలు ఆడుతుంటారు. కారు వెనక ఏముందో కనిపెట్టి కూసే ఆ సెన్సార్లని మన దేశంలో కొత్తగా తయారయ్యే కార్లకి 2019 జూలై 1 నుంచి తప్పనిసరి చేసింది ఇందుకే. కారులో పాట లేకపోయినా బతకొచ్చు గానీ, ఆ కూత లేకపోతే ఎలా?

ఎమ్మిగనూరులో ఒక మెకానిక్ కుర్రాడు మాత్రం మొదట పనిముట్లు తీయనేలేదు, కాగితం తీశాడు. స్టీరింగు మీటలు, కెమెరా, కూత అంటూ కారులో పనిచేస్తున్నవన్నీ రాసుకున్నాడు. ఆ కారు మోడలుకి సరిపోయే కప్లరు, డీకోడరు తెప్పించాడు. డీకోడరంటే దుబాసీ. తెలుగు, కన్నడం, ఉర్దూ కలగలిసే ఆదోని బజార్లో రెండు భాషలొచ్చిన మనిషి పక్కనుంటే బేరం ఎంత సులువో మనకి తెలుసుగా! కారు భాషని కొత్త సెట్టుకీ, సెట్టు భాషని కారుకీ ఇది చెబుతుంది. ఆ కారుకైతే కూత పలకడానికి విడిగా చిన్న బజరు కూడా వుంది ఆ డీకోడరుకి. ముందుగా బ్యాటరీ నెగెటివు తీగ వూడదీసి, ఒక్క తీగ కూడా కోయకుండా కప్లర్లు తగిలించాడు. చివర్న కాగితం చూసుకుంటూ ఒక్కోటీ నొక్కి టిక్కు పెట్టాడు.

అక్కకి ఆ టిక్కులు చాల్లేదు. ఇంటికొచ్చాక పిల్లలందరినీ అరుగెక్కించి, కారు వెనక ఖాళీ డ్రమ్ము పెట్టించి, కొడుకుని మెల్లగా రివర్సు చేయమంది. డ్రమ్ము ఇంకా మూరెడు దూరంలో వుండగానే కూత అందుకుంది.

"ఇంక నీ పాటలు పెట్టుకో నాయనా," అంది.