ఇంటి పాటలకు డాక్: ఎప్పుడు కొనాలి, ఎప్పుడు మార్చాలి

అంకెల రూపంలో నిలువ ఉన్న పాటను స్పీకరు పలికించగల విద్యుత్ తరంగంగా మార్చే సాధనాన్ని డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్ అంటారు. అంగళ్లలో దీనిని పొట్టిగా ‘డాక్’ అంటారు. సెల్‌ఫోను, టీవీ, సీడీ ప్లేయరు, బ్లూటూత్ స్పీకరు, వీటన్నింటిలోనూ ఇది దాగియే ఉంటుంది. కనుక విడిగా మరొకటి కొనవలసిన అవసరం ఎప్పుడు అన్నదే ప్రశ్న.

దీని పనిని నేను బడిలో గ్రాఫు కాగితంతో చెబుతూంటాను. వంపుగీత మీద దగ్గర దగ్గరగా చుక్కలు పెట్టి, ఒక్కొక్క చుక్క ఎత్తును అంకెగా వ్రాసుకోవడం రికార్డింగు. ఆ అంకెలను బట్టి చుక్కలు మరల పెట్టి నునుపుగా గీత కలపడం డాక్ పని. ఫిలిప్స్, సోనీ సంస్థలు 1982లో తెచ్చిన సీడీలో సెకనుకు 44,100 చుక్కలు. ఒక్కొక్కటి 16 బిట్ల అంకె. మనిషి చెవికి సుమారు 20,000 హెర్ట్‌జ్ వరకే వినబడుతుంది. అందుకు రెట్టింపు దాటిన ఈ లెక్క చాలును.

తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతాల తెలుగు ఇళ్లకు స్పష్టమైన ధ్వని వట్టి వినోదం కాదు. 2006 నాటి చట్టంతో తమిళనాడు బడులలో తమిళం తప్పనిసరి పాఠమైనది. మన పిల్లలలో అనేకులకు తెలుగు కంటికన్న చెవికే ఎక్కువ పరిచయం. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. ఆ భేదాన్ని పిల్లవాడు ఘంటసాల పద్యం విని తెలుసుకోవాలి. శ, ష, స ధ్వనుల బలమంతా 2,000 హెర్ట్‌జ్‌కు పైననే ఉంటుంది. అరిగిన స్పీకరులో మొదట పోయేవి అవే.

విడి డాక్ అవసరమయ్యే సందర్భాలు ముఖ్యంగా రెండు. మొదటిది ఫోను. 2016లో ఐఫోన్ 7 మొదలుకొని అనేక ఫోన్లలో ఇయర్‌ఫోను రంధ్రం తీసివేశారు. పాత ఆంప్లిఫయరు ఇంకా మ్రోగుతున్న ఇంట్లో టైప్-సి మొనగల చిన్న డాక్ తీగ చాలును. కొన్ని వందల రూపాయలతో పని జరుగుతుంది. అయితే చూపునకు అదేవిధంగా ఉండి, లోపల డాక్ లేని వట్టి తీగలు కూడా అమ్ముతారు. నేను అట్టి దానినే కొని కాట్టుపల్లికి తెచ్చి, ఇంటివారి ముందు మౌనంగా కూర్చున్నాను. చెన్నై రిచీ వీధికి పోయినవారు తమ ఫోనుకే తగిలించి, విని కొనడం మేలు.

రెండవది టీవీ. కొన్ని కొత్త టీవీలలో ఎరుపు, తెలుపు రంధ్రాలు లేవు. ఆప్టికల్ రంధ్రం మాత్రమే ఉంటుంది. దానికి ఆప్టికల్ డాక్ పెట్టె కావాలి. పెట్టిన తరువాత మ్రోగకపోతే చెడిపోయినదని తిరిగి ఇవ్వవద్దు. టీవీ సెట్టింగులలో డిజిటల్ ధ్వనిని ‘పీసీఎం’కు మార్చాలి. చవక పెట్టెలు డాల్బీ సంకేతాన్ని చదవలేవు.

ఫోను చార్జరుకు తగిలించి ఉండగా గుర్రుమని మ్రోగితే చార్జరు తీసి చూడండి. తప్పు తరచుగా డాక్‌ది కాదు, ఎర్తుది. ఫోను ధ్వనిని పూర్తిగా పెంచి, హెచ్చుతగ్గులు ఆంప్లిఫయరు వద్ద చేసుకోవాలి.

ఇక మార్చడం మాట. 24 బిట్లు, 192 కిలోహెర్ట్‌జ్ అని పెట్టె మీద వ్రాసినంత మాత్రాన 1957 నాటి మాయాబజార్ పాటలో లేనిది పుట్టదు. నేటి సాధారణ డాక్ దోషం కూడా చెవికి అందనంత తక్కువ. చేతిలో డబ్బు ఉంటే ముందుగా స్పీకర్లు, ఆ తరువాత మంచి ఫైళ్లు. తీసివేతలు ఎక్కువైన ఎంపీ3ని ఎంత ఖరీదైన డాక్ కూడా బాగు చేయలేదు.

పెట్టెలో మిగిలిన క్యాసెట్లకు ఇందుకు ఎదురు పని చేసే సాధనం కావాలి: లైన్-ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండు కార్డు. మా తాతగారి గొంతు ఉన్న క్యాసెట్‌ను మేము ముందు ఎక్కించుకున్నాము. టేపు అప్పటికే రెండు చోట్ల అతుక్కుని ఉన్నది. 44,100, 16 బిట్లకు పెట్టి వేవ్ ఫైలుగా దాచండి. ఫోనుకు కావలసిన ఎంపీ3 ప్రతిని దాని నుండి తరువాత తీసుకోవచ్చును.