బీపీ గోళీ నడిచొచ్చిన దారి

బాగ్ లింగంపల్లి సుందరయ్య పార్కులో పొద్దున్నే నాలుగు రౌండ్లు కొట్టి బెంచీ మీద కూర్చున్నాక మాట బీపీ మీదికి రాక మానదు. "నీది ఫార్టీయా, ఎయిటీయా?" అని ఒకరు అడిగితే, తెల్మిసార్టాన్ ఎన్ని మిల్లీగ్రాములు వేసుకుంటున్నావని అర్థం. నాది లోసార్టాన్ యాభై. ఏ సార్టానైనా ఇంటిపేరు ఒక్కటే, పనీ ఒక్కటే. ఈ ఇంటి గోళీలను ఒకప్పుడు హెచ్ఐవీ మందుకు తోడుగా ఇచ్చి చూశారని మా బెంచీలో చాలామందికి తెలియదు.

కథ 1898లో స్టాక్‌హోంలో మొదలైంది. శాస్త్రవేత్త టైగర్‌స్టెట్, ఆయన శిష్యుడు బెర్గ్‌మన్ కుందేలు మూత్రపిండాల రసం తీసి మరో కుందేలుకు ఎక్కిస్తే దాని రక్తపోటు పెరిగింది. ఆ రసంలోని పదార్థానికి రెనిన్ అని పేరు పెట్టారు. తర్వాత నలభై ఏళ్లకు, రెనిన్ వల్ల రక్తంలో తయారై నాళాలను బిగించేది వేరే ఉందని అర్జెంటీనాలో ఒక బృందం, అమెరికాలో ఒక బృందం దాదాపు ఒకేసారి కనిపెట్టాయి. ఒకరు హైపర్‌టెన్సిన్ అన్నారు, ఇంకొకరు యాంజియోటోనిన్ అన్నారు. 1958లో రాజీ కుదిరి, చెరో సగం కలిపి యాంజియోటెన్సిన్ అన్నారు.

దాన్ని పుట్టనివ్వకుండా ఆపే దారి చూపింది బ్రెజిల్ పాము, మన రక్తపింజరికి దూరపు చుట్టం. దాని విషం ఇచ్చిన ఆనవాలు పట్టుకుని చేసిన క్యాప్టోప్రిల్ 1981లో వచ్చింది. మంచి మందే. కాకపోతే ఆ రకం మందులు కొందరికి రాత్రంతా పొడిదగ్గు తెప్పించాయి. పుట్టనివ్వకపోవడం కాదు, పుట్టినదాన్ని తలుపు దగ్గరే ఆపాలని ఇంకో ఆలోచన నడిచింది. జపాన్ కంపెనీ టకేడా పేటెంట్లలో రాసిపెట్టిన బలహీనమైన అణువులను పట్టుకుని అమెరికాలో డూపాంట్ శాస్త్రవేత్తలు పనిచేశారు. అలా పుట్టిన లోసార్టాన్‌కు 1995లో అక్కడ అనుమతి వచ్చింది. సార్టాన్లలో పెద్దన్న అదే.

ఇక అసలు సంగతి. యాంజియోటెన్సిన్ నాళాలను బిగించడంతో ఆగదు, కణజాలాన్ని మచ్చకట్టిస్తుంది కూడా. కాలిన చోట చర్మం మానాక గట్టిపడి ముడుచుకుపోతుంది చూడండి, అలాంటి గట్టిదనమే కిడ్నీలో, గుండెలో లోపల్లోపల జరుగుతుంది. హెచ్ఐవీ ఉన్నవారి లింఫ్ గ్రంథుల్లోనూ అదే జరుగుతోందని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో టిమోతీ షాకర్ బృందం చూపించింది. చంకలో, గజ్జల్లో బిళ్లలు కట్టాయంటామే, ఆ గ్రంథులే సీడీ4 కణాల కాపురాలు. రోగాలతో పోరాడే ఈ కణాలనే హెచ్ఐవీ దెబ్బతీస్తుంది. లోపల సన్నటి దారాల పందిరి ఉంటుంది, కణాలు దాన్ని పట్టుకునే బతుకుతాయి. వైరస్ తెచ్చిన వాపు వల్ల ఆ పందిరి మీద మచ్చ పేరుకుంటే కణాలకు చోటుండదు. మందులు వాడి వైరస్ కనపడనంతగా తగ్గినా కొందరిలో సీడీ4 లెక్క పైకి రాకపోవడానికి ఇదొక కారణం.

ఇంత దూరం వచ్చాక, మచ్చను ఆపే చవక గోళీ చేతిలోనే ఉంది కదా అని ఎవరికైనా తడుతుంది. పరీక్షించారు. హెచ్ఐవీ మందు వాడుతున్నవారికి తెల్మిసార్టాన్‌ను 48 వారాలు ఇచ్చి, ముందూ తర్వాతా గ్రంథి ముక్క తీసి చూశారు. 2018లో ఫలితం చెప్పారు: మచ్చ తగ్గలేదు. ఇంకో పరీక్షలో, హెచ్ఐవీ ఉండి యాభై దాటిన 108 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఏడాదిపాటు రోజూ 100 మిల్లీగ్రాముల లోసార్టాన్, రెండో జట్టుకు ఉత్తుత్తి గోళీ ఇచ్చారు. బీపీ తగ్గింది. రక్తంలో వాపు గుర్తులు తగ్గలేదు, సీడీ4 పెరగలేదు.

ఇది వృథా శ్రమ అని నేను అనుకోను. ఆ గ్రంథి ముక్కలు ఇచ్చినవాళ్లు కత్తిగాటుకు ఒప్పుకున్నారు. వాళ్ల వల్లే, పనికిరాని ఆశతో లక్షల మంది ఇంకో గోళీ మింగే అవసరం తప్పింది. వెతుకులాట కూడా ఆగలేదు. భారత్‌తో సహా పన్నెండు దేశాల్లో హెచ్ఐవీ ఉన్న 7,769 మంది మీద కొలెస్ట్రాల్ మందు పిటవాస్టాటిన్‌ను పరీక్షిస్తే, గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ఆపదలు 35 శాతం తగ్గాయని 2023లో తేలింది. తోడు మందు దొరికింది, మనం అనుకున్న ఇంట్లో కాదు.

హెచ్ఐవీ అసలు మందులకైతే మన ఊరే పెట్టింది పేరు. 2017లో మూడు మందులు కలిపిన రోజుకొక్క గోళీని పేద దేశాలకు ఏడాదికి మనిషికి దాదాపు 75 డాలర్లకే ఇస్తామని ఒప్పుకున్న రెండు కంపెనీలు, అరబిందో, మైలాన్ ల్యాబొరేటరీస్, హైదరాబాద్‌వే. ఇలాంటి మందుల వల్ల హెచ్ఐవీ ఉన్నవాళ్లు అరవైలు, డెబ్బైలు చూస్తున్నారు. ఆ వయసుతో పాటే బీపీ కూడా వస్తుంది.

అందుకే ఒక్క మాట. బీపీ ఉంటే బీపీ గోళీ మానకండి, బీపీ లేకుండా సీడీ4 కోసం వేసుకోకండి. కొన్ని హెచ్ఐవీ మందుల్లో కలిసే రిటోనావిర్, ఇంకో బీపీ గోళీ ఆమ్లోడిపిన్ బలాన్ని ఒంట్లో పెంచేస్తుంది. బీపీ డాక్టరుకు హెచ్ఐవీ సంగతి, హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో బీపీ సంగతి దాచకుండా, రెండు మందుచీటీలూ ఒకే బల్ల మీద పెట్టి చూపించండి.