విద్యాహక్కు చట్టం మూడో సెక్షన్: మాట మాటకూ వ్యాఖ్య

మూల సారం: ఆరు నుంచి పద్నాలుగేళ్ల ప్రతి బిడ్డకూ, ప్రాథమిక విద్య పూర్తయ్యే దాకా, పొరుగు బడిలో ఉచిత, నిర్బంధ విద్య పొందే హక్కు ఉంటుంది.

బాలల ఉచిత, నిర్బంధ విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దీని వెనుక అరవై ఏళ్ల నిరీక్షణ ఉంది. పదేళ్లలో పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ చదువు అందించేందుకు ప్రయత్నించాలని రాజ్యాంగం 45వ అధికరణంలో రాసుకున్నాం. అది ఆదేశిక సూత్రం కాబట్టి, ఆ పదేళ్లు గడిచిపోయినా కోర్టులో నిలదీసే వీలు లేకపోయింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కేనని చెప్పింది. ఆ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, గొడవ ప్రైవేటు వైద్య, ఇంజనీరింగ్ కాలేజీల ఫీజుల గురించి. ఒకటో తరగతి పిల్లల హక్కు ఆ దారిన వచ్చింది. 2002లో 86వ సవరణతో అది 21-ఎ అధికరణమైంది.

చట్టంలో ఒక హక్కు ఎంత గట్టిదో తెలియాలంటే, దాని ఎదుట బాధ్యుడిగా ఎవరిని రాశారో, ఎంత గడువు పెట్టారో చూడాలి. ఈ సెక్షన్‌లోని మాటల్ని మంచిర్యాల జిల్లాలోని బొగ్గు బాయిల ఊరు నస్పూర్‌లో నిలబడి ఆ లెక్కనే చదువుదాం.

ఆరు నుంచి పద్నాలుగేళ్ల: ఈ హద్దు రెండు వైపులా పిల్లల్ని బయట వదిలేసింది. ఆరేళ్ల లోపు వాళ్ల చదువుకు ప్రభుత్వం ఏర్పాట్లు ‘చేయవచ్చు’ అని మాత్రమే పదకొండో సెక్షన్ అంటుంది. చేసి తీరాలని అనదు. అదే అంగన్‌వాడీలో తిండి విషయానికి వస్తే 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం ఆరు నెలల నుంచే హక్కు ఇచ్చింది. ఒకే గదిలో కూర్చున్న నాలుగేళ్ల బిడ్డకు అన్నం చట్టబద్ధం, అక్షరం మాత్రం సర్కారు ఇష్టం.

పై హద్దు బొగ్గు బాయిల ఊళ్లో ఇంకా సూటిగా కనపడుతుంది. గనుల పని మీద ఉన్న చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లను బాయి పనికి తీసుకోకూడదు. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ కూడా పద్నాలుగు దాటినవాళ్లను గనుల్లోకి, ప్రమాదకర పనుల్లోకి రానివ్వదు. కానీ ఎనిమిదో తరగతి అయిపోయిన పిల్లవాడికి తొమ్మిదిలో సీటు ఇచ్చి తీరాలని విద్యాహక్కు చట్టం చెప్పదు. బాయి గేటు దగ్గర ఆపిన చట్టమే మెకానిక్ షెడ్డు దగ్గర ఊరుకుంటుంది. ఒక్క ఊరట ఏమిటంటే, ఆలస్యంగా బడిలో చేరినవాళ్లు పద్నాలుగు దాటినా ఎనిమిది పూర్తయ్యే దాకా ఉచితంగా చదవవచ్చు.

ప్రతి బిడ్డకూ: స్థానికులకే అని లేదు, ఆధార్ ఉన్నవాళ్లకే అని లేదు. వలస కుటుంబాల పిల్లల్ని చేర్చుకునేలా చూడడం స్థానిక సంస్థ పని అని తొమ్మిదో సెక్షన్ విడిగా రాసింది. గోదావరికి అవతల పెద్దపల్లి ఇటుక బట్టీలకు ఒడిశాలోని బొలంగీర్, నువాపడా జిల్లాల నుంచి కుటుంబాలు పండుగలయ్యాక వచ్చి, వానలకు ముందు వెళ్లిపోతాయి. అంటే చదువుల ఏడాది సగంలో వస్తారు. మధ్యలో వచ్చారని చేర్చుకోకుండా ఉండకూడదని పదిహేనో సెక్షన్, వయసు ధ్రువపత్రం లేదని వెనక్కి పంపకూడదని పద్నాలుగో సెక్షన్ చెబుతున్నాయి. భాష దగ్గర మాత్రం చట్టం మెత్తబడింది. వీలైనంత వరకు మాతృభాషలో బోధించాలని అన్నది. ఆ ‘వీలు’ అంటే ఎంతో రాయలేదు. ఒడియా చెప్పే టీచరు లేని బట్టీ పక్క బడిలో వలస వచ్చిన పిల్ల పేరు రిజిస్టర్‌లో ఉంటుంది, తను తమ్ముణ్ని ఎత్తుకుని బట్టీలోనే ఉంటుంది.

బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలేనని రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం.వి. ఫౌండేషన్ వాదించింది. ఆ సంస్థను నడిపించిన శాంతా సిన్హాయే తర్వాత జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు మొదటి అధ్యక్షురాలయ్యారు. ఈ చట్టం అమలును కనిపెట్టే బాధ్యత ఆ కమిషన్‌కూ, రాష్ట్ర కమిషన్లకూ ఉంది.

పొరుగు బడిలో: కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లో ఐదో తరగతి దాకా కిలోమీటరు, ఆరు నుంచి ఎనిమిది దాకా మూడు కిలోమీటర్లు. అదే నియమాల్లో అంతగా ఎవరూ చదవని వాక్యం ఇంకొకటి ఉంది. బడికి పోయే తోవ చిన్నపిల్లలకు ప్రమాదమైతే ఆ దూరాన్ని ఇంకా తగ్గించాలి. శ్రీరాంపూర్ ఓపెన్‌కాస్ట్ గని (ఓసీపీ) పరిసరాల్లో బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్డు దాటడం కొలతలో అరకిలోమీటరే కావచ్చు. మ్యాపు మీద స్కేలు పెట్టే అధికారి ఆ రోడ్డును కూడా లెక్కలోకి తీసుకోవాలి. పిల్లలు తక్కువున్నారని బళ్లను కలిపేసేటప్పుడు ముందు చదవాల్సిన వాక్యం ఇది.

ఉచిత: ఫీజు లేదంటే సరిపోదు. చదువు పూర్తి చేయకుండా అడ్డుపడే ఏ ఖర్చూ బిడ్డ మీద పడకూడదని ఇదే సెక్షన్ రెండో భాగం చెబుతుంది. ప్రైవేటు బళ్లలో మొదటి తరగతి సీట్లలో నాలుగో వంతు పేద పిల్లలకివ్వాలన్న పన్నెండో సెక్షన్ తెలంగాణలో ఏళ్ల తరబడి కాగితం దాటలేదు.

బడిలో మధ్యాహ్న భోజనం దగ్గర మాత్రం ఆహార భద్రత చట్టం గట్టిగా మాట్లాడింది. భోజనం పెట్టని రోజుకు బియ్యం, డబ్బు రూపంలో భత్యం ఇవ్వాలని, అదీ మరుసటి నెల 15వ తేదీలోగా ఇవ్వాలని దాని కింద వచ్చిన 2015 నాటి నియమాలు గడువు పెట్టాయి. వరసగా మూడు రోజులు భోజనం ఆగితే బాధ్యులెవరో తేల్చాలి. అయితే వండే మహిళలకు బిల్లు ఏ తేదీలోగా రావాలో అంత గట్టిగా ఎక్కడా లేదు. అందుకే నెలల తరబడి బిల్లులు ఆగినా వాళ్లే కిరాణా కొట్లో ఉద్దెర పెట్టి కోడిగుడ్లు తెస్తున్నారు. పిల్లల హక్కు నిలబడుతోంది, దాని ఖర్చు వంటామె మీద పడుతోంది.

నిర్బంధ: తల్లిదండ్రుల్ని శిక్షించడానికి పెట్టిన మాట కాదిది. ఎనిమిదో సెక్షన్ వివరణ ప్రకారం నిర్బంధం ప్రభుత్వానికి: బిడ్డ చేరేలా, రోజూ వచ్చేలా, పూర్తి చేసేలా చూడాలి. తల్లిదండ్రుల విధి పదో సెక్షన్‌లో ఉంది, దానికి జరిమానా లేదు.

ఈ నిర్బంధాన్ని టీసీ (బదిలీ సర్టిఫికెట్) దగ్గర పెట్టి చూడండి. ఓసీపీలో మట్టి తీసే కాంట్రాక్టు మారితే టిప్పర్ డ్రైవర్ల కుటుంబాలు ఊరు మారతాయి. పిల్ల వేరే బడికి పోతానంటే పెద్దసారు వెంటనే టీసీ ఇవ్వాలి. ఆలస్యం చేస్తే ఆయన మీద క్రమశిక్షణ చర్య ఉంటుంది. టీసీ రాలేదన్న సాకుతో కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. ఐదో సెక్షన్ ఇంత తేటగా ఉంది, ఎందుకంటే ఎవరు చేయాలో అందులో ఉంది. కానీ ఇప్పుడు పిల్లల ఆన్‌లైన్ నమోదులో పాత బడి పిల్ల పేరును వదిలేసి ‘డ్రాప్ బాక్స్’లో పెడితే తప్ప కొత్త బడి లెక్కలోకి ఎక్కదు. ఫీజు బాకీ కట్టలేదని కొన్ని ప్రైవేటు యాజమాన్యాలు ఆ మీట నొక్కవు. కొత్త బడి సారు పిల్లను బెంచీ మీద కూర్చోబెడతారు కానీ ఆన్‌లైన్ లెక్కలో ఆమె ఇంకా పాత బడి పిల్లే. పేరు వదలడానికి గడువు పెట్టి, దాన్ని కూడా ఐదో సెక్షన్ కిందికి తేవాలి.

హక్కు ఉంటుంది: ఎవరి మీద? ముప్ఫై రెండో సెక్షన్ ప్రకారం రాతపూర్వక ఫిర్యాదు స్థానిక సంస్థకు ఇవ్వాలి, అది మూడు నెలల్లో తేల్చాలి, నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు. నస్పూర్‌లో ఆ స్థానిక సంస్థ ఏది? 2018లో పంచాయతీ పోయి మున్సిపాలిటీ వచ్చింది. 2025లో మంచిర్యాల కార్పొరేషన్‌లో కలిసింది. 2018 జూన్‌లో ఒకటిలో చేరిన పిల్ల ఎనిమిదికి వచ్చేసరికి ఆమెకు జవాబు చెప్పాల్సినవాళ్లు రెండు సార్లు మారారు. ఇలా పట్టణమైన ఊళ్లలో బడి బోర్డు మీద జిల్లా పరిషత్ పేరే ఉండిపోతుంది, సార్ల మీద అజమాయిషీ డీఈఓది. తన పరిధిలో పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరి రికార్డు ఉంచాలన్న తొమ్మిదో సెక్షన్ పని ఎవరి బల్ల మీద ఉందో ఊరి హోదా మార్చిన ఉత్తర్వుల్లోనే రాసి ఉండాల్సింది.

నస్పూర్‌లోనే కలెక్టరేట్ ఉంది, సోమవారం ప్రజావాణిలో అర్జీలు తీసుకుంటారు. అక్కడ ఇచ్చే కాగితం మీద ‘విద్యాహక్కు చట్టం సెక్షన్ 32 కింద ఫిర్యాదు’ అని రాసి, కార్పొరేషన్ కమిషనర్‌కు ఒక ప్రతి ఇచ్చి, రెండింటికీ తేదీ వేసిన రసీదు తీసుకోండి. ఆ రోజు నుంచి మూడు నెలల లెక్క మొదలవుతుంది. గడువు దాటితే, ఆ రసీదులు జతచేసి రాష్ట్ర కమిషన్‌కు రాయవచ్చు.