నౌకాశాఖ నుండి వలసల శాఖకు: పారీసులో యానాం దస్త్రం



యానాం బడుల్లో తెలుగు గురించి చర్చ వచ్చినప్పుడల్లా మనం 1954 నుండి మొదలుపెడతాము. అంతకు ముందు ఈ ఊరి మంచిచెడ్డలు ఏ కార్యాలయం చూసేదని మీ పిల్లలు అడిగితే "ఫ్రెంచివారు" అని ఊరుకుంటాము. ఆ జవాబు చాలదు. ఫ్రెంచివారిలో ఎవరు? ఏ శాఖ?

1669లో కోల్బేరు నౌకాశాఖ కార్యదర్శి అయిన నాటి నుండి ఫ్రాన్సు వలసలు రెండు శతాబ్దాలకు పైగా ప్రధానంగా ఆ శాఖ చేతిలోనే ఉన్నాయి. ఓడ పోతేనే గాని ఉత్తరువు చేరని రోజులు కనుక అది సహజమే. కాని ఓడలు నడిపేవారికి బడులు, పన్నులు, న్యాయస్థానాలు ఏమి పట్టును? 1858లో అల్జీరియాకు, వలసలకు కలిపి ఒక మంత్రిత్వశాఖ పెట్టి, 1860లోనే ఎత్తివేశారు. 1881లో గాంబెట్టా ప్రభుత్వం వలసలకు ఉపకార్యదర్శి పదవిని కల్పించి వాణిజ్యశాఖకు జోడించింది. అటుపై ఆ పదవి నౌకాశాఖకూ వాణిజ్యశాఖకూ మధ్య పలుమార్లు చేతులు మారింది. సొంత ఇల్లు లేని బంధువు స్థితి అనుకోండి!

ఈలోగా టోంకిన్, పశ్చిమాఫ్రికా, డహోమీ దండయాత్రలతో సామ్రాజ్యం పెరిగింది. పార్లమెంటులో వలసవాద సభ్యులు ఒక వర్గంగా ఏర్పడి ఒత్తిడి తెచ్చారు. తుదకు 1894 మార్చి 20న వలసల మంత్రిత్వశాఖ ఏర్పడింది. ఎర్నెస్టు బులాంజే మొదటి మంత్రి. రెండు నెలలకే ఆ స్థానంలోకి దెల్కాసే వచ్చారు. విచిత్రమేమిటంటే, వలసలన్నీ దీని కిందికి రాలేదు. అల్జీరియా ఆంతరంగిక వ్యవహారాల శాఖకు, ట్యునీసియా విదేశాంగశాఖకు చెందినవి. ఇండోచైనా, పశ్చిమాఫ్రికా, మన ఫ్రెంచి ఇండియా మాత్రం కొత్త శాఖకు దక్కాయి.

యానాం సంగతి పుదుచ్చేరి గవర్నరుకు, ఆయన ద్వారా పారీసు మంత్రికి చేరేది. ఫ్రెంచి ఇండియా నుండి పారీసు పార్లమెంటుకు ప్రతినిధి ఎన్నికయ్యేవారు, నిజమే. అయినా ఇక్కడి పాలన చాలావరకు శాసనాలతో గాక మంత్రి సిద్ధపరచిన డిక్రీలతో సాగేది. పైగా 1900 ఏప్రిల్ 13నాటి చట్టం వలసల పౌరపాలన ఖర్చును ఏ వలసకు ఆ వలసే భరించాలన్నది. అంటే ఆజ్ఞ పారీసుది, డబ్బు స్థానికులది. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాలలో ఒక్క వాక్యంగానైనా రావాలని నా కోరిక.

1946లో ఆ శాఖ పేరు సాగరాంతర ఫ్రాన్సు శాఖగా మారింది. 1954 నవంబరు 1న పాలన భారతదేశానికి వచ్చింది. 1956 ఒప్పందంలోని 28వ అధికరణం, ప్రజాప్రతినిధులు వేరుగా నిర్ణయించేదాకా ఫ్రెంచే అధికారభాష అన్నది. 1962లో ఆ ఒప్పందానికి ఆమోదం లభించింది. 1965 అధికారభాషా చట్టంలో యానాంకు తెలుగు చేరింది. ఈనాడు యానాం దస్త్రం పుదుచ్చేరి మీదుగా ఢిల్లీ హోంశాఖకు పోతుంది.

తరగతిలో ఈ దారిని నల్లబల్లపై గీయించండి: ముందు యానాం, పుదుచ్చేరి, పారీసు; దాని కిందనే యానాం, పుదుచ్చేరి, ఢిల్లీ. పిల్లలే ప్రశ్నలు మొదలుపెడతారు.